నలభై ఒకటో కార్డు

మధ్యాహ్నం మూడింటిలోపు రాకెట్ చేయాల్సిన పనులు నాలుగున్నాయి. కుట్టడం పూర్తయిన రెండు చొక్కాలు పక్క వీధి డాక్టరమ్మకి ఇచ్చి రావాలి. జడ వేసుకోవాలి. కార్డుల ఆట పోటీకి సర్దుకున్న కట్టలోంచి, అదే డెక్‌లోంచి, నెమ్మది కార్డులన్నీ తీసేయాలి. చేతులు వణక్కుండా చూసుకోవాలి.

మొదటి రెండూ అయిపోయాయి. మూడోదాని కోసం అమ్మ టైలరింగ్ షాపులో, బట్టలు కత్తిరించే బల్ల మీద కార్డులు పరిచింది. రాకెట్ ఆరో తరగతి. మెట్లు కూడా రెండేసి చొప్పున దిగుతుందని స్కూల్లో అందరూ అలా పిలుస్తారు.

"అన్నీ కత్తులూ మంటలేనా? కాపాడే డాలు ఒక్కటీ లేదేంటే?" అంది అమ్మ, పళ్ళ మధ్య గుండుసూది పెట్టుకునే.

"ఇది దూకుడు డెక్ అమ్మా! నలభై కార్డులూ దాడికే. నాలుగు వంతుల్లో ఆట ముగిసిపోవాలి."

"ముగియకపోతే?"

రాకెట్ ఇంకో నెమ్మది కార్డు తీసి పక్కన పడేసింది. పోయిన నెల పోటీలో ఏడో తరగతి తాబేలుతో ఆట అరగంట సాగింది. వాడు ఒక్కో కార్డుకీ ఒక యుగం ఆలోచిస్తాడు. ఆ అరగంటలో రాకెట్ చేతులు వణికి, కార్డులన్నీ కింద పడ్డాయి. అందరూ పకపకా నవ్వారు.

ఈసారి భయం వచ్చేలోపే ఆట అయిపోవాలి. అంతే.

పోటీ స్కూల్ లైబ్రరీలో. ఒక్కొక్కరు మూడేసి ఆటలు ఆడాలి. రాకెట్‌కి మొదట ఎదురైంది నాలుగో తరగతి పాప. పిడికెడు మనిషి, అందుకే పిచ్చుక.

"అక్కా, నాకు ఇదే మొదటిసారి. మెల్లగా ఆడదామా?"

"మెల్లగా ఆడితే నిద్రొస్తుంది" అంది రాకెట్.

ఈ ఆటలో దాడి కార్డుని ఎదుటివాళ్ళ కార్డు మీద పెట్టాలి. రాకెట్ టపటపా పెట్టేసింది. మూడో వంతుకే పిచ్చుక ఓడిపోయింది. రాకెట్ బల్ల మీద కార్డుల్ని రెండు చేతులతో ఒక్క ఊపున పోగేసుకుని, పక్క బల్లకి పరిగెత్తింది.

అక్కడ తాబేలు కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా రాకెట్? ఈసారి వేళ్ళకి గమ్ రాసుకొచ్చావా?"

నాలుగో వంతు అయిపోయింది. ఐదో వంతూ అయిపోయింది. తాబేలు ఇంకా ఓడలేదు. రాకెట్ గబుక్కున ఇంకో కార్డు తీసింది.

డాలు!

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తన డెక్‌లో డాలు లేదు. ఈ కార్డు మూలన పెన్సిల్‌తో చిన్న నక్షత్రం గీసి ఉంది. పిచ్చుక కార్డులన్నిటి మీదా ఉంది ఆ నక్షత్రం.

సరిగ్గా అప్పుడే వెనక బల్ల దగ్గర లైబ్రేరియన్ మేడమ్ గొంతు వినిపించింది. ఆవిడ మధ్యమధ్యలో ఎవరో ఒకరి డెక్ లెక్కపెడుతుంది. నలభైకి ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా పోటీలోంచి తీసేస్తారు.

"ముప్ఫై తొమ్మిదే ఉన్నాయమ్మా."

"నలభై ఉన్నాయి మేడమ్, పొద్దున నేనే లెక్కపెట్టా" అంది పిచ్చుక.

"లెక్కపెట్టావులే! మంచం కింద పడేసి వచ్చుంటావు" అన్నాడు పిచ్చుక వాళ్ళన్నయ్య. "దీని మతిమరుపుతో చచ్చిపోతున్నాం మేడమ్."

రాకెట్ చేతిలో కార్డు జారి ఒళ్ళో పడింది. పడలేదు, తనే పడేసింది. చెబితే పోటీలోంచి తీసేస్తారు. అంతేనా, దొంగ అంటారు. రేపటి నుంచి స్కూలంతా అంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

వెనక సన్నటి గొంతు మొదలైంది. "ఒకటి, రెండు, మూడు..." ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. మళ్ళీ, "ఒకటి, రెండు..." ఈసారి గొంతులో ఏడుపు.

"ఆడు. ఎంతసేపు?" అన్నాడు తాబేలు. తాబేలే తొందరపెడుతున్నాడు!

రాకెట్ లేచింది. కుర్చీ దభేల్‌మని పడింది.

"మేడమ్, పిచ్చుక మర్చిపోలేదు. నేనే... తొందర్లో దాని కార్డు పోగేసుకొచ్చేశా. చూశాక కూడా దాచా."

కార్డు చాచిన చేయి గడగడా వణికింది. అందరూ చూశారు.

"దొంగ!" అన్నారెవరో.

"ఉష్!" అంది మేడమ్. ఆ డాలుతో కలిపి రాకెట్ దగ్గరున్న కార్డులన్నీ ఆవిడే లెక్కపెట్టింది. నలభై ఒకటి. "రూలు రూలేనమ్మా. నీ ఆట ఇంతే. పిచ్చుకా, నువ్వు ఆడు."

"సరే మేడమ్" అంది రాకెట్. పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టింది.

మూడో ఆటలో పిచ్చుక తాబేలు ఎదుట కూర్చోవాల్సి వచ్చింది.

"అక్కా, భయమేస్తోంది."

"నాకూ వేస్తుంది. పక్కన కూర్చోనా?"

పిచ్చుక అరగంట ఆడి ఓడిపోయింది. ఆట అయ్యాక రాకెట్ కార్డుల్ని ఒక్కొక్కటిగా తిప్పి చూసి, "ఇది నీది, ఇది తాబేలుది" అంటూ వేరు చేయసాగింది. లైట్లు ఆర్పడానికి వచ్చిన మేడమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మీరు రాకెట్‌ని మర్చిపోయినా పర్వాలేదు. ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగి, తప్పు తనదేనేమో అనుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టిన ఆ పిచ్చుకని మాత్రం గుర్తుపెట్టుకోండి.