పదకొండు పేజీల పుస్తకం

"నా పువ్వులు ఏవండీ?"

బైండింగ్ షాపు గుమ్మంలో నిలబడి ఎవరైనా పుస్తకం అడుగుతారు, మహా అయితే కాస్త గమ్ము అడుగుతారు. పువ్వులడిగిన మనిషిని మనవాడు చూడటం అదే మొదటిసారి.

"ఇది పూలకొట్టు కాదండీ."

"తెలుసు. లైబ్రరీలో పెద్ద నిఘంటువు రిపేరుకి మీ దగ్గరికి వచ్చిందట. అందులో నా ఆకాశమల్లెలున్నాయి. ఆరబెట్టుకుంటున్నాను."

మనవాడికి ఒళ్ళు మండింది. ఆ నిఘంటువు పేజీల మీద పడ్డ మరకలు ఎలా పోతాయో తెలియక పొద్దుటినుంచి తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ ఘనకార్యం మీదేనా! లైబ్రరీ పుస్తకమంటే వడియాలు పెట్టుకునే డాబా అనుకున్నారా?"

"ఆ పుస్తకం ఎవరూ తీయరు కదండీ. పైగా మంచి బరువు. మూడు వారాలు కదపకుండా ఉంచితే పువ్వు చక్కగా ఆరుతుంది. స్కూల్లో క్రాఫ్ట్ టీచర్ని, మొన్ననే చేరాను. కార్డులు చేద్దామని..."

"అన్నీ డస్ట్‌బిన్‌లో పారేశాను."

ఆమె ముఖం వాడిపోయింది. "ఈ ఊరొచ్చాక మొదటి వాకింగ్‌లో ఏరుకున్న పువ్వులవి" అంది మెల్లిగా, వెళ్ళిపోయింది.

మనవాడు చెప్పింది అబద్ధం. మిగతావి పొడైపోయిన మాట నిజమే కానీ, కాడ విరగని పువ్వొకటి దొరికితే దాన్ని రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి, పైన తేదీ రాసి, అప్పటికే సొరుగులో దాచేశాడు. ఒక్కో రెక్కా అంత ఓపిగ్గా విప్పి పరిచిన చేతులు ఎవరివా అని పొద్దుట కాసేపు ఆలోచించాడు కూడా. ఆ చేతులే గుమ్మంలోకి వచ్చి నిలబడితే కోపం ముందు వచ్చింది, బుద్ధి తర్వాత వచ్చింది. మనవాడి జీవితమంతా ఇదే వరస.

వారం తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. చేతిలో ఒక కార్డు. ఎండిన కాగితంపూలు అంటించి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: "సారీ, నిఘంటువుగారూ."

మనవాడు నవ్వేశాడు. నవ్వాడు కనక షాపులో పుస్తకాలు నొక్కిపెట్టే ఇనప ప్రెస్సు చూపించాల్సి వచ్చింది. చూపించాడు కనక ఆమె పువ్వులు అందులో పెట్టుకోవడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆపైన ఆదివారం వాకింగ్‌లు మొదలయ్యాయి.

"మరిదిగారు వాకింగ్‌కి వెళ్తున్నారట!" షాపుకి క్యారేజీ తెచ్చిన వదిన ఆశ్చర్యం నటించింది. "పాలప్యాకెట్ తెమ్మంటే మోకాళ్ళ నొప్పులనే మనిషి!"

"పువ్వులు చూడటానికి వదినా."

"పువ్వులేంటి? పువ్వు ఒకటేగా!"

టీచర్‌గారికి ఒక నియమం ఉంది. చెట్టు మీది పువ్వు కోయదు. రాలినవే ఏరుతుంది. ఏ గోడవార ఏ నెలలో గన్నేరు పూస్తుందో, పోస్టాఫీసు వెనక తురాయి ఎప్పుడు ఎర్రబడుతుందో ఆమెతో తిరిగాకే మనవాడికి తెలిసింది. పుట్టి పెరిగిన వీధులే. ముప్పై ఏళ్ళుగా కళ్ళు పెట్టుకుని ఏం చూశాడో అతనికే తెలియలేదు.

"నాది ఏడాది లీవ్ వేకెన్సీ, సెలవులో ఉన్నావిడ తిరిగొస్తే నేను వెళ్ళాలి" అని ఒకరోజు చెప్పింది. "పన్నెండు నెలలు, పన్నెండు పేజీలు. నెలకో పువ్వు. మీరు పుస్తకంగా కుట్టిపెట్టాలి. మొదటి నెల పువ్వుని మీరు పారేశారు కనక ఆ పేజీ చివరికి వెళ్తుంది. ఆకాశమల్లె చెట్టు మళ్ళీ పూస్తుంది కదా."

అప్పుడైనా సొరుగు తెరవచ్చు. కానీ 'పారేయలేదు' అంటే 'మరెందుకు దాచారు' అంటుంది. ఎందుకో చెప్పాలి. స్కూలు టీచరెక్కడ, వేళ్ళకి ఎప్పుడూ మైదాగమ్ము అంటుకుని ఉండే తానెక్కడ అని మనవాడు నోరు మూసుకున్నాడు. నెలలు గడిచేకొద్దీ ఆ చిన్న అబద్ధం మింగలేక కక్కలేక మిగిలింది.

ఏడో నెలలో ఒక వాన కురిసింది. మూసి ఉన్న ఒక కొట్టు చూరు కింద ఇద్దరూ ఒదిగి నిలబడ్డారు. ఆమె దోసిట్లో తడిసిన రేల పూలు.

"నాన్న సంబంధం చూశారు" అంది వాన వైపు చూస్తూ. "ఏడాది అయ్యాకే ఏ మాటా చెప్తానన్నాను." తర్వాత అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది.

ఆ సంబంధం వద్దనమని చెప్పాలనిపించింది మనవాడికి. నోరు మాత్రం ఇలా అంది: "అలాగా. వాన తగ్గేలా ఉంది."

వాన తగ్గలేదు. ఆ రోజునుంచి వచ్చే నెల పువ్వేమిటో అని ఆమె ఉత్సాహపడుతుంటే, ఇంకెన్ని నెలలు మిగిలాయో అతను లెక్కపెట్టుకునేవాడు.

పదకొండో పేజీ అయ్యాక, మురుగు కాలువ వెడల్పు చేస్తూ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆకాశమల్లె చెట్టు కొట్టేశారు. ఆదివారం వెళ్ళేసరికి మొద్దు మిగిలింది. చుట్టూ రంపపు పొట్టు. ఆమె ఆ మొద్దు పక్కనే కూలబడింది.

"ఇంకో నాలుగు రోజులాగితే పూసేదండీ."

ఆ చెట్టు పువ్వు ఒకటి ఈ ఊళ్ళో ఇంకా ఉందని తెలిసిన మనిషి ఆమె పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇప్పుడు చెప్తే, ఏడాదంతా అబద్ధమాడినవాడిగా గుర్తుపెట్టుకుని వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఎలాగూ వెళ్ళిపోతుంది. కనీసం మంచివాడిగా మిగులుదామనుకున్నాడు పిచ్చివాడు.

శుక్రవారం ఆమె పేజీలన్నీ పట్టుకుని షాపుకొచ్చింది. ఆదివారం ప్రయాణం. బల్ల మీద చెయ్యి ఆనించి, సొరుగు పిడిని వేలితో తడుముతూ నిలబడింది.

"పన్నెండో పేజీకి పువ్వు లేదు. పదకొండుతోనే కుట్టేయమంటారా?"

మనవాడు సొరుగు వైపు చూడకుండా సూది తీసుకున్నాడు.

"సరే" అన్నాడు.

ఆమె స్టూలు మీద కూర్చుని, అతను సూదిలోకి దారం ఎక్కించడం దగ్గర్నుంచి ముడి వేసేదాకా చూసింది. పుస్తకం తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. అంత బిగువైన కుట్టు మనవాడు ఎన్నడూ కుట్టలేదు.

శనివారం కత్తెర కోసం వెతుకుతూ వదిన సొరుగు తెరిచింది. పువ్వు చూసింది, తేదీ చూసింది, మరిది మొహం చూసింది. కథంతా అర్థమైపోయింది.

"పుస్తకాలు కుట్టి కుట్టి నోరు కూడా కుట్టేసుకున్నావా?"

"ఇప్పుడేం లాభం వదినా?"

"లాభం కోసం కాదు. అది ఆ పిల్ల వస్తువు. వెళ్ళి ఇచ్చిరా."

ఆదివారం బస్సు బయల్దేరబోతుండగా అతను కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. బ్లాటింగ్ కాగితాల మడత అందించాడు.

"పారేయలేదండీ. అబద్ధం చెప్పాను. మీరెవరో తెలియకముందే దాచుకున్నాను, తెలిశాక ఇవ్వబుద్ధి కాలేదు. మీరంటే నాకు ప్రాణం."

ఆమె మడత విప్పింది. పువ్వు తేనెరంగుకి తిరిగింది, కాడ మాత్రం నిటారుగా ఉంది.

"తెలుసు" అంది.

"ఏది?"

"రెండూ. వానల్లో ఒకరోజు గమ్ము కోసం ఆ సొరుగు తెరిచాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇస్తారు. అడక్కుండా ఎప్పుడిస్తారా అని చూశాను." ఆమె పువ్వు కాడని వేలితో నిమిరింది. "మొన్న ఆఖరిసారి చూశాను. మీరు సరే అన్నారు. గదికి వెళ్ళి నాన్నకి ఫోన్ చేసి నేనూ సరే అన్నాను. వచ్చే నెల పెళ్ళి."

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. మనవాడు కిటికీ ఊచ పట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఏం మాట్లాడాలో తోచక తనకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాడు.

"కుట్టిన పుస్తకాన్ని విప్పొచ్చండీ. నాకది రోజూ ఉండే పనే. ఒక్క పేజీ కలపాలన్నా దారమంతా తెంపాలి. చిల్లులు పడ్డ కాగితం కదా, నెమ్మదిగా లాగాలి. నొప్పి... అంటే, చిరుగుతుందేమోనని భయమేస్తుంది. కానీ వస్తుంది."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. ఒళ్ళోని సంచీలోంచి పుస్తకం తీసింది. పువ్వుని మళ్ళీ మడతలో పెట్టి, మడతని పుస్తకంలో పెట్టి కిటికీలోంచి అతని చేతికిచ్చింది.

"ఇది మీరు విప్పండి. అది నేను విప్పుతాను. మా నాన్న కుట్టు మీ కుట్టుకన్నా బిగువు. చిరిగినా చిరగొచ్చు."

"ఎన్నాళ్ళు చూడను?"

"పువ్వు ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వారాలు."

"కదపకుండా ఉండండి మరి."

బస్సు కదిలింది. మనవాడు అది మలుపు తిరిగేదాకా చూసి, నడిచి షాపుకి వచ్చాడు. ఆదివారమైనా తలుపు తీశాడు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, చాకు తీసుకుని, మొదటి ముడి కోశాడు.