ఇద్దరి పథ్యం

ఆ పొద్దున కూడా ప్రభావతి గిద్దెతో బియ్యం కొలిచి, పైన నిలిచిన గింజల్ని చేత్తో తుడిచేసి ఎసట్లో పోసింది. పక్క పొయ్యి మీద బీరకాయ కూర ఉడుకుతోంది. ఆ వంటింట్లో వేపుడు వాసన లేక నాలుగు నెలలైంది.

ఆమె భర్త శోభనాద్రి బందరులో హైస్కూలు మేష్టారు. మనిషి భారీ. 1936 శ్రావణంలో బడి మెట్లెక్కుతూ ఆయాసంతో కూలబడిపోతే, డాక్టరు కృపావరంగారు పరీక్ష చేసి గుండె అలిసిపోయిందన్నారు.

"తూకాలూ లెక్కలూ అక్కర్లేదండీ. విస్తట్లో సగం కూరలుండాలి, అన్నం రెండు పిడికిళ్లు. ఇంకాస్త ఆకలి ఉండగానే లేవండి. పొద్దున్నే కాలవగట్టున గంటసేపు నడవండి. ఒళ్లు తగ్గితే ఫరవాలేదు" అని చెప్పారు.

లెక్క అక్కర్లేదని ఆయనన్నా ప్రభావతికి భయం. అందుకే గిద్దె. భర్త మానేసినవన్నీ తనూ మానేసింది. ఆయన తినకూడనిది ఆమెకు గొంతు దిగేది కాదు. ఆయన భోంచేసి లేచాక తినే మనిషి గనక ఆమె విస్తట్లో ఏముందో ఆయనెప్పుడూ చూడలేదు. ఆమె రవికలు వదులైపోయాయి. "జబ్బు నీకా, ఆయనకా?" అని ఇరుగుపొరుగు అడగసాగారు.

ఆ రోజు డిస్పెన్సరీలో శోభనాద్రి తూకం చూశారు. మొదటి నెలలో తగ్గిన పౌన్లు తిరిగొచ్చేశాయి, పైన మరో మూడు చేరాయి.

డాక్టరుగారు ప్రభావతి వైపు తిరిగారు. "అమ్మా, దాచకుండా చెప్పండి. జాలిపడి ఏమైనా పెడుతున్నారా?"

ఆమె తిరిగి భర్త మొహం చూసింది. ఆయన గోడ గడియారం వైపు చూస్తూ ఊరుకున్నాడు.

సాయంత్రం ఆయన ట్యూషనుకని వెళ్లాక ఆమెకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. గొడుగుపేటలో ఉన్న ఆడబడుచు జానకమ్మ దగ్గరికి బయలుదేరింది. శోభనాద్రిని తల్లిలా పెంచిన అక్క ఆవిడ. తన తప్పేమిటో ఆవిడైనా చెబుతుందని ఆశ. తీరా వెళ్తే గుమ్మంలో భర్త చెప్పులు కనిపించాయి.

"ఇంకో రెండు గారెలు వేసుకోరా. కడుపునిండా పెట్టే దిక్కు లేకపోయె" అంటోంది జానకమ్మ.

"ఏం చెయ్యనక్కయ్యా! దానికి పొదుపు పిచ్చి పట్టింది. గిద్దెతో కొలిచి పెడుతోంది" అన్నాడు శోభనాద్రి, నోటినిండా గారెతో.

ఆ మాటలు గుమ్మంలోనే ప్రభావతి చెవిన పడ్డాయి. దాచుకుని తిన్నా సహించేదే. తనను చెడ్డదాన్ని చేసి మరీ తింటున్నాడు.

లోపలికి నడిచింది. శోభనాద్రి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"పొదుపా అండీ?" అంది ప్రభావతి. "నాలుగు నెలలుగా మీరు తినేదే నేనూ తింటున్నాను. పొద్దున డాక్టరుగారు నన్ను అనుమానిస్తుంటే ఒక్క మాట అనలేకపోయారు. ఇక్కడ మాత్రం ఇన్ని మాటలొచ్చాయా?"

"డాక్టరేమిటే?" అంది జానకమ్మ.

"మీకు తెలీదా వదినగారూ? మీతో చెప్పేశానన్నారే ఈయన. ఒళ్లు తగ్గకపోతే ఆయన ప్రాణానికే ముప్పన్నారు."

జానకమ్మ మొహం పాలిపోయింది. ముప్పై ఏళ్ల క్రితం వాళ్ల నాన్నగారు, ఆయనా ఇలాగే భారీ మనిషి, విస్తరి ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఆ పూట వడ్డించింది ఆవిడే.

"ఒరేయ్, నాన్నకు పెట్టిన చేత్తోనే నిన్నూ సాగనంపమన్నావట్రా? నాతో అబద్ధం చెప్పి తిన్నావా?" విస్తరి లాగేసి, గోడకానుకుని ఏడ్చింది.

శోభనాద్రి తలెత్తలేదు. "పథ్యం తిండి ముందు కూర్చుంటే రోజూ చావే గుర్తొచ్చేదక్కయ్యా. నీ దగ్గరకొస్తే చిన్నపిల్లాణ్ణయిపోయేవాణ్ణి. భయమని చెప్పుకోలేక నెపం దాని మీద పెట్టాను."

"ఆ భయం నాకు లేదనుకున్నారా?" అంది ప్రభావతి. జవాబు కోసం ఆగకుండా ఇంటికొచ్చేసింది.

మర్నాడు గిద్దె అటకెక్కింది. గిన్నెలు ఆయన ముందు పెట్టి, "మీరే వడ్డించుకోండి. నేనింక కాపలా కాయను" అని పెరట్లోకి వెళ్లిపోయింది. నెల్లాళ్లు అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన తనంతట తానే రెండు పిడికిళ్లు పెట్టుకునేవాడు. పొద్దున్నే కాలవగట్టున నడిచేవాడు. డాక్టరుగారి దగ్గరికి ఒంటరిగా వెళ్లి తప్పు తనదేనని ఒప్పుకున్నాడని జానకమ్మ వచ్చి చెబితే గాని ప్రభావతికి తెలియలేదు. ఎండాకాలానికి ఇరవై పౌన్లు తగ్గాడు. ఆ పైన ఎవరూ కొలవకపోయినా ఒళ్లు మళ్లీ పెరగలేదు.

వైశాఖంలో ఒకనాటి పొద్దున్న సంచీ పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు. "బజారుకెళ్తున్నాను ప్రభా. నీకేం తినాలనుంది?"

ఆమె గరిటె పక్కన పెట్టి తిరిగింది. "మామిడికాయ పప్పు... నెయ్యేసుకుని" అంది. ఇన్నాళ్లూ తనకూ ఆకలేసిందని అప్పుడే తెలిసింది. కళ్లొత్తుకుంటూ పొయ్యి వైపు తిరిగింది.

మధ్యాహ్నం పక్కపక్కనే రెండు విస్తళ్లు పడ్డాయి. ఆమెకు నెయ్యి ఆయనే వడ్డించాడు. తన అన్నం ముందే అయిపోయినా, ఆమె తినడం పూర్తయ్యేదాకా లేవకుండా కూర్చున్నాడు.