అంచులు కోసిన వీడియో

తైవాన్‌లోని తైనాన్‌లో పెళ్లిళ్లకీ అంత్యక్రియలకీ వీడియోలు చేసే సూయూన్ కొట్టులో ఆ మధ్యాహ్నం వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. కంప్యూటర్లో వాళ్లమ్మ ఆఖరి వీడియో ఆడుతోంది. మధ్యలో కుర్చీలో అమ్మ, చుట్టూ అన్న, వదిన, పిల్లలు. కుడివైపు చివర సూయూన్.

"అంత్యక్రియల హాల్లో తెర పాతది, చదరంగా ఉంటుంది. నీ వెడల్పు వీడియో వేస్తే పైనా కిందా నల్ల పట్టీలొస్తాయి. తెర నిండేలా ఎక్స్‌పోర్ట్ చెయ్," అన్నాడు అన్న కున్‌షాన్.

"అలా చేస్తే రెండు పక్కలా తెగిపోతుంది అన్నయ్యా. నేను కనపడను."

"కనపడకపోతే కొంపేం మునగదు. మొగుణ్ని వదిలేసిన దానివి, చచ్చాక మన ఇంటి పెద్దల పూజాపీఠం మీదే నీ పేరుకి చోటు లేదు. తెరమీద ఎందుకే?"

సూయూన్‌కి ఒళ్లు మండిపోయింది. కాళ్లు పడిపోయిన అమ్మకి అన్నీ చేసింది తను. ఈ పెద్దమనిషి పండక్కొచ్చి ఫొటోలు దిగి పోయేవాడు. అయినా చెల్లేది కొడుకు మాటే! పళ్లు కొరుకుతూ చదరం ఎంచుకుని నొక్కింది.

ఫైలు తయారైంది. తెరిచింది. అన్న ఉన్నాడు, వదిన ఉంది. మధ్యలో కుర్చీ ఖాళీ.

ఫార్మాట్ మార్చింది. నాణ్యత పెంచింది. ఖాళీయే... ఎక్కణ్నించో అమ్మ మోకాళ్లకి రాసుకునే కర్పూరం నూనె వాసన...

మళ్లీ వెడల్పుగా ఎక్స్‌పోర్ట్ చేసి చూసింది. అమ్మ ఉంది. కుడి అంచున, సూయూన్ చెయ్యి పట్టుకుని, తన కాళ్ల మీద నిలబడి ఉంది. కొడుకునే చూస్తోంది. అమ్మ మొహంలో అంత కోపం సూయూన్ ఎన్నడూ ఎరగదు.

"అన్నయ్యా... చదరంది వద్దు," గొణిగింది.

"నాటకాలాపు!" కంప్యూటర్ వైపు చూడనైనా చూడకుండా, చదరపు ఫైలున్న పెన్‌డ్రైవ్ పీక్కుని పోయాడు.

హాల్లో వీడియో మొదలైంది. ఖాళీ కుర్చీ చూసి జనం గుసగుసలు. కున్‌షాన్ చెల్లెలి మీదికి లేచాడు. "అమ్మనేం చేశావే?"

"అంచులు కోయించింది నువ్వు!"

అప్పుడే తెర అంచులోంచి ఎముకలు తేలిన ఒక చెయ్యి వచ్చింది. వీడియోలో ఉన్న కున్‌షాన్ మెడ పట్టుకుంది. లాగింది... మెల్లగా... బయటికి.

దీపాలు వెలిగాయి. సూయూన్ ఎదుట అన్న లేడు.

పూజారి దగ్గరికొచ్చాడు. "కొడుకుల్లేని ఇల్లు. అమ్మ పటం నువ్వే పట్టుకోవాలి తల్లీ."

ఆమె పటం అందుకుంది. పిల్లల్ని పొదివి పట్టుకుని, బిక్కచచ్చిన మొహంతో వదిన ఆమె ముందుకొచ్చింది.

"ఏమండీ... మేం మీకు ఏమవుతాం?"