లైవ్ చూసిన మరిది

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు రెబెక్కమ్మ చర్చి నుంచి వచ్చేసరికి ఆమె గుంటలో రొయ్యలన్నీ చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. ఎవరో విషం కలిపారు.

నాలుగింటికి ఎస్సై విజయకుమారి అల్లూరు నుంచి చేరింది. అప్పటికే, గుంటకు కాపలా ఉండే మస్తాన్‌ని కరెంటు స్తంభానికి కట్టేశారు. పెదవి చిట్లింది. విషం కలిపింది అతనేనని కొట్టించి, కట్టించింది రెబెక్కమ్మ మరిది కిషోర్ బాబు. అన్న పోయినప్పటి నుంచి ఆ గుంట తనదేనని వదినతో తగాదా పడుతున్నవాడు.

"ముందు విప్పండి," అంది ఎస్సై.

కట్లు విప్పగానే మస్తాన్ చెప్పాడు. "పదిన్నరకు టిఫినుకు పోయినా మేడం. పదకొండుకు వచ్చేసినా."

ఆమె కిషోర్ బాబు వైపు తిరిగింది.

"ఆ అరగంట నువ్వెక్కడ?"

"ఇంట్లో. ఫోన్‌లో మా చర్చి లైవ్ చూస్తా ఉండినా."

"సాక్ష్యం?"

"దేవుడే మేడం," అని నవ్వాడు.

ఆ వెకిలి నవ్వుకు విజయకుమారికి ఒళ్లు మండింది.

"పాస్టర్ గారు ఏం చెప్పినారు?"

గడగడా అప్పజెప్పాడు. తుఫానులో పడవ వదలని ముసలి జాలరి కథతో సహా.

"లైవ్ చూసినట్టే ఉన్నాడు, అలిబీ గట్టిదే మేడం," అన్నాడు కానిస్టేబుల్ సుకుమార్.

"ఆ వీడియో మళ్లీ చూసినావా?" ఎస్సై కిషోర్ బాబుని అడిగింది.

"లేదు. లైవ్‌లో ఒక్కసారే."

"అమ్మా, పదిన్నరకు చర్చిలో ఏం జరిగింది?"

"కరెంటు పోయింది మేడం," అంది రెబెక్కమ్మ. "లైవ్ ఆగిపోయింది. కెమెరా మాత్రం బ్యాటరీ మీద నడిచింది. జాలరి కథ అప్పుడే చెప్పినారు. కరెంటు వచ్చేసరికి పదకొండు. పూర్తి వీడియో ఒంటిగంటకు నెట్‌లో పెట్టినారు."

కిషోర్ బాబు నవ్వు ఆరిపోయింది.

"ఫోన్ ఇవ్వు."

ఏదో వెబ్‌సైట్ నుంచి దించిన ఆ చర్చి వీడియో అందులో ఉంది. డౌన్‌లోడ్ టైం 1:52.

"లైవ్‌లో రాని కథ నీకెట్లా తెలిసిందిరా? వీడియో దించుకొని బట్టీ పట్టినావు. దేవుడి వాక్యం నీకు దొంగసాక్ష్యానికి పనికొచ్చింది. థూ! మందు డబ్బా ఎక్కడ?"

అతని చూపు తన బైకు మీదికి పోయింది. సుకుమార్ డిక్కీ తెరిచాడు. పురుగుమందు కంపు గుప్పుమంది.

"వదినా, తప్పయిపోయింది!" కిషోర్ బాబు కాళ్ల మీద పడబోయాడు.

రెబెక్కమ్మ వెనక్కి జరిగింది. "నన్ను ముట్టుకోబాక. కొట్టించింది మస్తాన్‌ని. అడిగేదేదో అతన్ని అడుగు."

కిషోర్ బాబు తలెత్తాడు. పనివాడి ముందు చేతులు జోడించడానికి ఆ స్థితిలోనూ అతనికి మనసొప్పలేదు.

మస్తాన్ అతని వంక చూడనైనా లేదు.

"అమ్మా, ఈ విషం నీళ్లు పక్కోళ్ల గుంటలోకి పోతాయి. తూము మూసొస్తా," అని గట్టెక్కి నడిచాడు.