బోరు మూత మీద నాయనమ్మ

"ఈ మూత మీద చెయ్యి వేశావంటే బాగుండదు, చెబుతున్నా!"

నాయనమ్మ ఏకంగా బోరు మూత మీదే బైఠాయించింది. ఇక ఆవిడను లేపడం ఎవరి తరం? భూగర్భజల శాఖ అమ్మాయి భుజం మీది టేపు చుట్ట కింద పెట్టి నిట్టూర్చింది. పొద్దుటి నుంచి ఏ గుమ్మం ఎక్కినా ఇదే పాట.

"నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలవాలి బామ్మగారూ, అంతే."

"కొలిచే టేపుకి ఆ తెల్లపొడి ఎందుకమ్మా? నీళ్ళు ఇంకిపోయే మందట కదా! వీధంతా చెప్పుకుంటున్నారు."

"అయ్యో, అది ఈ సుద్దముక్క రుద్దిన పొడండీ! నీళ్ళు తగిలినంత మేరా రంగు మారుతుంది. అది చూసి లోతు రాసుకుంటాం."

గుమ్మంలో మోటారు విప్పుతున్న మనవడు ఫక్కున నవ్వాడు. వీధిలోని మోటార్లన్నిటికీ వైద్యుడు అతనే. నెలనెలా ఆమె రావడం, అతను ఆటపట్టించడం, ఆమె మూతి ముడుచుకుని వెళ్ళడం మామూలే. ఎవరు నమ్మకపోయినా ఇతనొక్కడు తన మాట నమ్మితే బాగుండునని ఆమెకు మహా ఆశ. ఆమె వచ్చే రోజునే అతనికి ఇస్త్రీ చొక్కా ఎందుకు గుర్తొస్తుందో మాత్రం పిచ్చిపిల్లకి తట్టనే లేదు.

"ముందు నీళ్ళు తగ్గాయంటారు. తర్వాత మీటరు పెడతారు. ఆ తర్వాత మా నీళ్ళు మాకే అమ్ముతారు. అంతేనా మేడం?" అన్నాడతను.

వేరే రోజైతే ఆమె రూల్సన్నీ వల్లించేది. ఇవాళ ఓపిక లేదు. మెట్టు మీద కూలబడింది.

"ఏమో, అమ్మినా అమ్ముతారు. నేను రాసిన లెక్క పైకెళ్ళి ఏమవుతుందో నాకూ తెలీదు. ట్రాన్స్‌ఫర్ అడుగుతున్నాను. సాయంత్రం కాగితం ఇచ్చేస్తా. ఇంకెవరో వస్తారు, వాళ్ళని ఆడిపోసుకోండి."

అతని చేతిలో స్పానరు ఆగిపోయింది.

"ఒక్కటి చెప్పండి," అందామె. "ఈ వేసవిలో ఎన్నిళ్ళల్లో మోటారు ఇంకా కిందకి దించారు?"

అతను తల గోక్కున్నాడు. "దించని ఇల్లు లేదు."

"మరి నీళ్ళు తగ్గాయంటే నమ్మరేం?"

"తగ్గాయని నాకు తెలీదా మేడం? చెప్పేది ఆఫీసువాళ్ళు కదా, అందుకే నమ్మబుద్ధి కాదు."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఏడుపే వచ్చింది.

అతను గబగబా వచ్చి, ఆమె చేతిలోని సుద్దముక్క లాక్కుని, కరకర నమిలేశాడు.

"ఒరేయ్! చస్తావురా!" నాయనమ్మ ఒక్క ఉదుటున లేచింది.

"చావను గానీ, నువ్వు లేచావుగా, అది చాలు," అంటూ అతను మూత తీసేశాడు.

టేపు దిగింది. దిగుతూనే ఉంది. చుట్ట ఖాళీ కావచ్చాక, చివర్న బెత్తెడు తడిసింది. నాయనమ్మ ఆ తడిని వేలితో తడిమి చూసుకుంది.

"ఆ కాగితం ఇవ్వకండి," అన్నాడతను, పెదాలంతా సుద్దతో.

"ఎందుకు, నీళ్ళ కోసమా?"

"నీళ్ళు తగ్గితే ఇంకో పైపు వేసి దించుకుంటాను. మీరు వెళ్ళిపోతే నేనేం చెయ్యాలి?"

"ముందు నోరు కడుక్కోండి," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

నాయనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ ఆఫీసు మాట నేనిప్పటికీ నమ్మను అమ్మాయ్. వచ్చే నెల మాత్రం నువ్వే రా."

"వస్తానండీ," అంది ఆమె, మనవడి వైపే చూస్తూ.