చేతికివ్వని ఉప్పు

ఆ రోజు ఈస్ట్ హామ్‌లోని ఆ ఇంట్లో ఐదుగురున్నారు.

ముందు గదిలో బ్రిటన్ గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ చలపతి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని అంకుల్ అనే పిలుస్తారు. వంటింట్లో ప్రభావతి ఆంటీ. వీధివాళ్ళకి ఆవిడ ఇంటి ఓనరు, డిపార్ట్‌మెంట్‌కి కోడ్ క్లర్కు. మేడమీద బాబీ, గాడ్జెట్లు చేసేవాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. కిటికీ పక్కన విజయ, కోడ్ పేరు పిచ్చుక. సోఫాలో మరో ఏజెంట్ రఘువీర్.

ఐదుగురిలో రఘువీర్ ఒక్కడే బతికి లేడు.

అతని ముందున్న టీ మీద మీగడ కట్టింది. ఆ మీగడ మీద ఒక ఈగ వాలింది. పక్క కుర్చీలో చలపతి రస్కు టీలో ముంచుకుని చప్పరిస్తున్నాడు. విజయ చూపు కిటికీవైపు తిప్పుకుంది.

"గాట్విక్ ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే బస్సులో ఎవరో మెడమీద సూది గుచ్చారు. ఇంటిదాకా వచ్చి, ఒక్క ముక్క చెప్పి పోయాడు," అన్నాడు చలపతి.

"ఏమన్నాడంకుల్?"

"శుక్రవారం సన్‌సెట్ టూర్లో గోవిందరాజులుని చంపేస్తారట."

బ్రీఫింగ్ చిన్నదే. కరీబియన్ సముద్రంలో సెయింట్ ఎల్మా అనే దీవి ఉంది. బ్రిటన్‌దే. స్టాంపుల మీద రాజుగారి తల ఉంటుంది, కార్లు ఎడమవైపే నడుస్తాయి. మధ్యలో ఒక అగ్నిపర్వతం రాత్రింబవళ్ళు పొగ కక్కుతుంటుంది. దాని నాడి చూసే సైంటిస్టు గోవిందరాజులు, కాకినాడ మనిషి. ప్రతి శుక్రవారం సాయంత్రం టూరిస్టులతో పాటు కొండెక్కి, ఆ కొండ గురించి చెబుతుంటాడు.

"ఆయన ఏదో కనిపెట్టాడు. అదేమిటో మనకి తెలీదు, హెరాన్ గ్యాంగ్‌కి తెలుసు," అన్నాడు చలపతి.

హెరాన్ అంటే విదేశీ ముఠా. సముద్రం కింది కేబుళ్ళలోంచి రహస్యాలు దొంగిలించి అమ్ముకుంటుంది.

"పుష్పలీల పనేమో అంకుల్?"

"పుష్పలీల పోయి మూడేళ్ళయింది కదమ్మా. లీడ్స్‌లో కారుతో సహా కాలిపోయింది."

పుష్పలీల ఒకప్పుడు డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే అందమైన ఏజెంట్. తర్వాత హెరాన్‌కి అమ్ముడుపోయింది. ఆమె పేరెత్తితే ప్రభావతి ఆంటీ ఇప్పటికీ మెటికలు విరుస్తుంది.

బాబీ మెట్లు దిగి వచ్చి విజయ అరచేతిలో ఒక ముక్కుపుడక పెట్టాడు. "కెమెరా ప్లస్ మైక్, విజయక్కా. రియల్ సిల్వర్. డోంట్ స్నీజ్ ఇట్ అవుట్, ఓకే?"

మారువేషం ఇంకా ఘోరం. గులాబీరంగు విగ్గు, సెల్ఫీ స్టిక్కు, వీడియోలు తీసుకునే రోజీ అని పేరు. నలుగురిలో నోరు విప్పడానికే సిగ్గుపడే మనిషికి ఆ వేషం! ఎవరు ఎంచారో గానీ విజయకి ఒళ్ళు మండింది.

బయల్దేరేటప్పుడు ప్రభావతి ఆంటీ ఒక చిన్న డబ్బా తెచ్చి గుమ్మం పక్క బల్లమీద పెట్టింది. "ఉప్పూ కారం కలిపాను. ఆ దీవిలో తిండి చప్పగా చస్తుందట. తీసుకో."

*

కొండ మీద కంపు.

కుళ్ళిన గుడ్ల కంపని టూర్ కాగితంలో రాశారు గానీ, అది మర్యాదకి రాసిన మాట. గుడ్లు కుళ్ళి, వాటిని ఎవరో తిని, తిన్నది కక్కితే వచ్చే కంపు. అది బట్టల్లోకి, జుట్టులోకి, నాలిక కిందికి దూరింది. దారి పొడవునా బూడిద కింద పూడిపోయిన ఇళ్ళు. ఒక ఇంటి కప్పు మీద నిలబడి లీడ్స్ నుంచి వచ్చిన రిటైర్డ్ దంపతులు ఫొటో దిగారు. అది ఎవరిదో పడగ్గది అయి ఉంటుందని వాళ్ళకి తోచనే లేదు. "స్మైల్, రోజీ!" అని విజయని కూడా పిలిచారు. రోజీ నవ్వింది. లోపల విజయ ఉమ్మేసింది.

గ్రూపులో మరో ఇద్దరు. పొడవాటి కెమెరా మోస్తూ మాట్లాడకుండా నడిచే బండమనిషి ఒకడు. ఎర్రటి సిల్కు స్కార్ఫుతో, అంత బూడిదలోనూ మడత నలగని బట్టలతో మిస్ కార్లా అనే బ్రెజిల్ సుందరి. విజయ కళ్ళు బండమనిషిని వదల్లేదు. ఆ కెమెరాలో తుపాకీ పడుతుంది.

గోవిందరాజులు జీపు పక్కన నిలబడి పంటి సందులో అగ్గిపుల్లతో కెలుక్కుంటున్నాడు.

"ఊళ్ళో వానలెలా ఉన్నాయండీ?" అంది విజయ మెల్లగా. అది కోడ్.

"గొడుగు అమ్మేశాం," అన్నాడాయన, అగ్గిపుల్ల చివర దొరికిందేమిటో పరీక్షగా చూసి. "ఆ జుట్టేమిటమ్మాయ్, పీచు మిఠాయిలా?"

ఈయన్ని కాపాడడానికా ఇంత దూరం వచ్చాను అనుకుంది.

గైడ్ డెస్మండ్ అందరికీ రూల్సు చెప్పాడు. గాలి మనవైపు తిరిగితే విజిల్ వేస్తాడు. వెంటనే సంచిలోంచి మాస్కులు తీసి తొడుక్కోవాలి. ఆలస్యమైతే ఆ పొగ ఊపిరితిత్తుల్ని ఉడకబెడుతుంది.

తర్వాత అతను ఒక రాతి పగులు దగ్గర ఆగి, ఆవిరిలో గుడ్లు ఉడకబెట్టాడు. టూరులో అది కూడా ఒక వినోదమట. ఆ కంపులో గుడ్డు తినడమంటే బురదలో కూర్చుని బురద తాగడమే. గోవిందరాజులు మాత్రం నాలుగు లాగించి, గట్టిగా త్రేన్చాడు.

"ఉప్పుంటే బాగుండును," అన్నాడు లీడ్స్ పెద్దమనిషి.

విజయ ప్రభావతి ఆంటీ డబ్బా తీసింది. లీడ్స్ దంపతులు చేయి చాచి తీసుకుని చల్లుకున్నారు. బండమనిషి కూడా ఆమె చేతిలోంచే లాక్కున్నాడు. డబ్బా తిరిగి వచ్చాక విజయ దాన్ని మిస్ కార్లా వైపు చాచింది.

కార్లా చేయి సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. వేలితో రాయి చూపించింది, అక్కడ పెట్టమని. విజయ పెట్టాక వంగి తీసుకుంది.

ఎవరూ పట్టించుకోలేదు. విజయ మాత్రం పట్టించుకుంది. చిన్నప్పుడు మదనపల్లె దగ్గర తమ ఊళ్ళో పంక్తిలో కూర్చుని పక్కపిల్లకి ఉప్పు చేతికివ్వబోతే, నాయనమ్మ చేతిమీద ఒక్కటేసింది. "కింద పెట్టవే! చేతికిస్తే కొట్లాటలు పుడతాయి." అప్పట్నించీ విజయ ఇంట్లో ఎవరి చేతికీ ఉప్పివ్వలేదు. ఇక్కడ, ఈ వేషంలో, కావాలని మర్చిపోయింది.

కానీ బ్రెజిల్ పిల్లకి ఈ పట్టింపు ఎవరు నేర్పారు?

గోవిందరాజుల్ని పక్కకి లాగింది. "సార్, మీరు కనిపెట్టిందేమిటి?"

"అదేం ప్రశ్న? ఉత్తరం వైపు సెన్సర్లలో కొన్ని దొంగవి. ఎవడో తెచ్చి పాతాడు. వాడు నొక్కినప్పుడు కొండ పేలబోతోందని సైరన్ మోగుతుంది. జనమంతా పడవలెక్కి పారిపోతారు. సముద్రం కింది కేబుళ్ళు ఒడ్డెక్కే ఇక్కడి కేబుల్ స్టేషన్ ఖాళీ. ఇక దొంగలదే రాజ్యం."

"ఇది ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదూ? నెలక్రితమే మీ చలపతికి చెప్పాను. ఆ రఘువీర్ అబ్బాయి వచ్చి అంతా రాసుకుని వెళ్ళాడు. ఎవరికీ చెప్పకండి, మేం చూసుకుంటాం అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారా?"

మనకి తెలీదు అన్నాడు చలపతి. టీలో రస్కు ముంచుకుంటూ.

తెలిసే అబద్ధమాడాడు.

*

సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. కింద కొండ నోరు ఎర్రగా, పుండులా తెరుచుకుని ఉంది. టూరిస్టులు ఫోన్లు పైకెత్తి ఆహా ఓహో అంటున్నారు. విజయ చెవిలో దాచిన బుల్లి రేడియోలో బాబీ గొంతు గరగరలాడింది. "విజయక్కా, పిక్చర్ గాన్. ఓన్లీ సౌండ్." ఆమె ముక్కుపుడక తడిమి చూసుకుంది. వేలికి నల్లగా అంటింది. ఆ పొగకి వెండి మసిబారింది.

అప్పుడే గాలి తిరిగింది.

విజిల్! పసుప్పచ్చని పొగ గోడలా లేచి వాళ్ళవైపు వచ్చింది. అందరూ సంచులు వెతుక్కుంటున్నారు. గోవిందరాజులు కంగారులో తన సంచి జిప్పే తీయలేకపోయాడు. పక్కనుంచి ఎర్ర స్కార్ఫు ముందుకొచ్చింది. కార్లా మధురంగా నవ్వి, ఒక మాస్కు ఆయన చేతిలో పెట్టింది.

ఉప్పు చేతికి అందుకోని మనిషి మాస్కు మాత్రం చేతికే ఇచ్చింది.

గోవిందరాజులు దాన్ని మొహం దగ్గరికి తెచ్చాడు. పట్టీ చెవి మీదికి వచ్చేసింది. విజయ ఒక్క దూకు దూకి మాస్కుని చేత్తో కొట్టింది. అది రాళ్ళమీద పడి దొర్లింది. ఆ చేత్తోనే తన మాస్కు ఆయన మొహానికి అదిమింది.

కార్లా నడుము దగ్గర సన్నటి సూది మెరిసింది.

విజయ దగ్గర తుపాకీ లేదు. ఉప్పూకారం డబ్బా ఉంది. చేతికివ్వకూడదని నాయనమ్మ చెప్పింది గానీ, కళ్ళలో కొట్టకూడదని చెప్పలేదు.

"అమ్మా! ఓలమ్మో, నా కళ్ళు!"

బ్రెజిల్ సుందరి అచ్చమైన తెలుగులో తల్లిని తల్చుకుంది. లీడ్స్‌లో కాలిపోయిందన్న పుష్పలీల ఈవిడే. సూది జారి కొండ నోట్లో పడింది. బండమనిషి కెమెరా వదిలేసి లీడ్స్ పెద్దావిడ వెనక దాక్కున్నాడు. పాపం, నిజంగానే ఫొటోలకి వచ్చినవాడు.

కార్లా మాస్కు ఎక్కడో పడిపోయింది. పొగ కమ్ముతోంది. విజయ ముక్కుకి కొంగులా చున్నీ అడ్డం పెట్టుకుని, కింద దొర్లిన మాస్కు తీసి చాచింది. "ఇదిగో పుష్పలీలా, నువ్వు పెట్టుకో."

దగ్గుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ, చచ్చేలా ఉన్నా ఆమె ఆ మాస్కు తాకలేదు. మొహం పక్కకి తిప్పేసింది.

మాస్కులో విషముందనడానికి ఇంకేం రుజువు కావాలి? డెస్మండ్ తన దగ్గరున్న అదనపు మాస్కులు తెచ్చి ఇద్దరికీ తొడిగాడు. గాలి మళ్ళీ మళ్ళింది. పుష్పలీల చేతులు ఆమె ఎర్ర స్కార్ఫుతోనే కట్టారు.

"నన్ను పట్టుకుని ఏం చేస్తావే పిల్లా?" అంది పుష్పలీల, ఎర్రబడ్డ కళ్ళతో నవ్వుతూ. "నేనెవరి మనిషినో మీ అంకుల్‌నే అడుగు."

విజయ గోవిందరాజుల్ని జీపెక్కించి తిన్నగా దీవి రేడియో స్టేషన్‌కి తీసుకెళ్ళింది.

"దొంగ సెన్సర్లు ఎక్కడున్నాయో, ఎందుకున్నాయో జనం అందరికీ చెప్పేయండి సార్. చెప్పేశాక మిమ్మల్ని చంపినా ఎవరికీ లాభం లేదు."

"ఎంతసేపు మాట్లాడొచ్చు?"

"మీ ఇష్టం."

ఆయన మొహం వెలిగిపోయింది. మైకు ముందు కూర్చోబోతూ ఒక్క క్షణం ఆగాడు. "అమ్మాయ్, నా మొహానికి నీ మాస్కు పెట్టావు. మరి నీకు?"

అప్పుడు మొదటిసారి ఆ మనిషి మీద విజయకి అసహ్యం వేయలేదు.

*

ఈస్ట్ హామ్‌లో సన్నగా వాన పడుతోంది. విజయ బెల్లు కొట్టింది. చలపతి తలుపు సగమే తెరిచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో రస్కు.

"గోవిందరాజులు ఎక్కడ?"

"రేడియోలో. ఇంకా మాట్లాడుతున్నాడట. ఆపడం ఎవరి తరమూ కావట్లేదు."

"మిషన్ పాడు చేశావు విజయా."

"మిషనంటే ఆయన్ని కాపాడడం కాదా అంకుల్?"

ఆయన వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పుష్పలీల హెరాన్ లోపల నా మనిషి. ఆ ముసలాయన్ని ఆమె చంపితే హెరాన్ ఆమెని నెత్తిన పెట్టుకునేది. ఒక్క ముసలాడమ్మా. దేశానికి ఎంత లాభమో ఆలోచించు."

"మరి నన్నెందుకు పంపారు?"

"కాపలా లేకుండా చంపితే నాటకమని వాళ్ళకి తెలిసిపోతుంది. నువ్వు నెమ్మదైన పిల్లవి. నోరు తెరవవు. నీకు ఏదీ దొరకదనుకున్నాను."

"రఘువీర్ ఏ బస్సులో వస్తున్నాడో హెరాన్‌కి ఎవరు చెప్పారు?"

చలపతి రస్కు కొరికాడు. పెదవి మీద ఒక తడి ముక్క అతుక్కుంది. "వాడు ప్రశ్నలు ఎక్కువేశాడు. చెప్పక తప్పలేదు."

అగ్నిపర్వతం కంపు ఇంకా ఆమె జుట్టులో ఉంది. ఈ గుమ్మం ముందు అదే నయమనిపించింది.

"ఫోను ఇవ్వు. చెవిలోది ఇవ్వు," అన్నాడాయన. రెండూ లాక్కుని జేబులో వేసుకున్నాడు. నల్లగా మసిబారిన ముక్కుపుడకని చూసి మొహం చిట్లించాడు గానీ అడగలేదు. "బాబీ ఎక్కడ? పొద్దుట్నించీ కనిపించడు."

"నాకేం తెలుసంకుల్?"

"ఐడీ కార్డు."

ఆయన అరచేయి చాచాడు. విజయ కార్డు తీసి, వంగి, తడి గడపమీద పెట్టింది.

"చేతికివ్వొచ్చుగా?"

"వద్దంకుల్. గొడవలొస్తాయి."

లోపల వంటింట్లో ప్రభావతి ఆంటీ చేతిలో గరిట ఆగిపోయింది. చలపతి మూలుగుతూ వంగి కార్డు తీసుకున్నాడు. ఆమె మొహం మీదే ధడాలున తలుపు మూశాడు.

ఆ చప్పుడు వైట్‌హాల్‌లో, మినిస్టర్ గారి బల్లమీద బాబీ పెట్టిన స్పీకర్లోంచి, చాలా స్పష్టంగా వినిపించింది.