కోడలికి వినబడే ప్రార్థన

కొండల నడుమ ఉన్న కోచ్‌కోర్ ఊరికి అవతల, కాలువ గట్టున నీలం కిటికీల ఇల్లు ఊల్కాన్‌ది. ఆ ఇంట్లో పొద్దున్నే, అక్కడివాళ్ళు పాలూ ఉప్పూ వేసి కాచే టీ కంటే ముందు, మోకాళ్ళు వంగాలి. ఊల్కాన్ ప్రార్థన ఎంత పొడుగంటే, ఒక వసంతంలో ఆవిడ "ప్రభువా" అన్నప్పుడు కొట్టంలో గొర్రెకి నొప్పులు మొదలయ్యాయి. "ఆమెన్" అనేసరికి పిల్ల పుట్టి, లేచి నిలబడి, కడుపునిండా పాలు తాగి, వాకిట్లో గంతులేస్తోంది. నమ్మనివాళ్ళు ఆ గొర్రెనే అడగొచ్చు, ఇంకా బతికే ఉంది.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఊల్కాన్, ఆవిడ కొడుకు మెదెర్, కోడలు కనిషాయ్. మెదెర్ నారిన్ పట్నానికి వ్యాను నడుపుతాడు. ఊల్కాన్ మొగుడు, ముసలాయన, పోయి రెండేళ్ళయింది.

ఊళ్ళో ప్రభువుని నమ్ముకున్నవాళ్ళు అంతా కలిపి పన్నెండు మంది. వాళ్ళ సంఘం పెద్ద షర్షెన్ తాత ప్రతి ఆదివారం ఒకటే మాట చెప్పేవాడు. "పెద్ద కష్టాలకే కాదు, రోజువారీ బతుక్కి కూడా దేవుణ్ణి జ్ఞానం అడగండి. పిండి ఎప్పుడు కొనాలో అడగండి, గడ్డి ఎప్పుడు కోయాలో అడగండి, నోరు ఎప్పుడు మూసుకోవాలో అడగండి." ఊల్కాన్ మొదటి రెండూ గట్టిగా పట్టుకుంది.

ఆ ప్రాంతంలో కోడలు అత్తగారికి ఎదురు చెప్పకూడదు. దేవుణ్ణి నమ్ముకున్నా ఆ ఆచారం ఇల్లు వదిలి పోలేదు. కానీ ప్రార్థన చేసేవాళ్ళకి మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, అది సంఘం ఆచారం. ఈ రెండూ కలిసి ఆ ఇంట్లో ఒక వింత అలవాటు పుట్టించాయి. అత్తా కోడలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, దేవుడితోనే పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"నాయనా, ప్రభువా," అని ఊల్కాన్ కళ్ళు మూసుకుని మొదలుపెట్టేది. "ఈ ఇంట్లో కొందరికి టీలో ఉప్పెంత వేయాలో తెలియడం లేదు. నిన్నటి టీ కాలవ నీళ్ళలా ఉంది. వాళ్ళకి జ్ఞానం దయచెయ్యి."

కనిషాయ్ తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా ఉండేది. "తండ్రీ, రక్తపోటుకి ఉప్పు మంచిది కాదని నర్సు చెప్పింది. కొందరు తలూపారు, ఇంటికొచ్చేసరికి మర్చిపోయారు. వాళ్ళకి జ్ఞాపకశక్తి దయచెయ్యి."

"ప్రభువా, ఇందాక నాది పూర్తి కాలేదు..."

మధ్యలో నలిగిపోయేది మెదెర్. పెళ్ళాం ప్రార్థనకి ఆమెన్ గట్టిగా అంటే ఆ పూట తల్లి రొట్టె మీద మీగడ రాసేది కాదు. తల్లి ప్రార్థనకి గట్టిగా అంటే మేజోళ్ళు తనే ఉతుక్కోవాలి. అందుకని రెండింటికీ సమంగా, దగ్గులో కలిపేసి ఆమెన్ అనడం నేర్చుకున్నాడు. వైద్యుడు అతని ఛాతీకి రెండుసార్లు పరీక్షలు కూడా చేయించాడు.

అలా నాలుగేళ్ళు నడిచింది. అక్టోబరులో ఒక పొద్దున్న ఊల్కాన్ ముగించింది. కనిషాయ్ వంతొచ్చింది. ఏ మాటా రాలేదు. 

"ఏమైంది?" అంది ఊల్కాన్, ఒక కన్ను తెరిచి.

"నేను మనసులో చేసుకున్నాను," అంది కనిషాయ్. లేచి టీ పోసింది.

మెదెర్ గిన్నెలోకి చూస్తూ తాగేసి, తల్లి మొహం చూడకుండా వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఊల్కాన్ ఊరుకుంటుందా? మాడని రొట్టెని మాడిందంది. కట్టేసి ఉన్న ఆవుని వదిలేశారంది. దేవుడి ముందు అబద్ధమాడడానికి కూడా వెనకాడలేదు. అయినా కోడలి నోటి నుంచి ఒక్క మాట లేదు. నాలుగో రోజు ఊల్కాన్ టీ గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయింది. ఉప్పు సరిగ్గా పడింది. నాలుగేళ్ళుగా ఆవిడ దేవుణ్ణి అడుగుతున్నంత ఉప్పు, వీసమెత్తు తేడా లేకుండా.

గెలిచింది ఊల్కానే. కానీ రెండో గుక్క తాగకుండానే గిన్నె పక్కన పెట్టేసింది.

ముసలాయన ఉన్నప్పుడు ఇంట్లో కబుర్లకి లోటుండేది కాదు. ఆయన పోయాక ఎవరున్నారు? ఒకప్పుడు కలిసి ఉన్ని వడికిన ఆడవాళ్ళు, ఈ ఇంటివాళ్ళు ప్రభువుని నమ్ముకుని వేరే దారి పట్టారని గడప తొక్కడం తగ్గించేశారు. కొడుకు వారంలో సగం రాత్రులు నారిన్‌లోనే పడుకుంటాడు. రోజు మొత్తంలో ఊల్కాన్‌కి బదులిచ్చే గొంతు ఒక్కటే ఉండేది. పొద్దున్నే, కళ్ళు మూసుకుని, దేవుడి పేరు చెప్పి తనని ఏకిపారేసే గొంతు. అది ఆగిపోయాక గోడ గడియారం కూడా బిగ్గరగా కొట్టుకుంటున్నట్టుంది.

కోడలు ఇంట్లో మాట్లాడకపోతే సంఘంలోనైనా మాట్లాడుతుంది కదా అనుకుంది. ఆదివారం షర్షెన్ తాత ఇంట్లో అందరూ మోకరించగానే ఊల్కాన్ గొంతు సవరించుకుంది.

"ప్రభువా, మా అటక మీద ఉయ్యాల నాలుగేళ్ళుగా దుమ్ము పట్టిపోతోంది. లోపం ఎవరిదో నీకు తెలుసు. ఆడది ఎందుకు పుట్టిందో తెలుసుకునే జ్ఞానం..."

 "ఆమెన్!" అన్నాడు షర్షెన్ తాత గట్టిగా. ఆయనకి చెముడు. అందుకే అందరి ప్రార్థనలకీ ఒకే బలంతో ఆమెన్ అనేవాడు.

ఇంటికి రాగానే కనిషాయ్ లోపలికి వెళ్ళి సంచి సర్దుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, పెళ్ళయ్యాక మొదటిసారి, అత్తగారి కళ్ళలోకి సూటిగా చూసింది.

"అత్తయ్యా, ఇవాళ దేవుడితో కాదు, మీతోనే మాట్లాడతాను."

"ఓహో! కోడలికి నోరొచ్చిందే!"

"సెప్టెంబరు ఆఖర్లో ఉన్ని చుట్టిన రోజు గుర్తుందా?"

గుర్తులేకేం. చలికాలంలోపు పెద్ద తివాచీ చేయాలని ఆరుగురు ఆడవాళ్ళు వాకిట్లో చేరారు. రెల్లు చాప మీద ఉన్ని పరిచి, వేణ్ణీళ్ళు చల్లి, చుట్టచుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మోచేతులతో గంటల తరబడి దొర్లించాలి. కనిషాయ్ మాత్రం చెంబుతో నీళ్ళు పోస్తూ పక్కన కూర్చుంది. అప్పుడు ఊల్కాన్ అందరి ముందూ ప్రార్థన చేసింది, ఖాళీగా కూర్చున్నవాళ్ళకి పక్కవాళ్ళ చెమట చూసి సిగ్గుపడే జ్ఞానం ఇయ్యమని. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కనిషాయ్ లేచి వచ్చి, పొద్దు గూకేదాకా దొర్లించింది.

"ఆ రోజుకి నాకు రెండో నెల," అంది కనిషాయ్. "మూడు రోజుల తర్వాత పోయింది."

ఊల్కాన్ చేతిలో తలగుడ్డ అలాగే ఉండిపోయింది.

"పని వల్ల కాదు, ఒక్కోసారి అలా జరుగుతుందని నర్సు చెప్పింది. అదే నిజం కావచ్చు. అది మీ వల్లేనని నేననడం లేదు. కానీ అత్తయ్యా, ఎందుకే కూర్చున్నావని మీరు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. నన్నడగలేదు. దేవుణ్ణి అడిగారు. అదీ నాకు వినబడేలా."

మెదెర్ వచ్చి సంచి అందుకున్నాడు.

"నీకు ముందే తెలుసా?" అంది ఊల్కాన్.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"తను వద్దంది. అయినా ఎలా చెప్పను అమ్మా? ఈ ఇంట్లో ఏ కబురైనా దేవుడి ద్వారానే కదా వెళ్ళాలి."

వ్యాను దుమ్ము లేపుకుంటూ నారిన్ దారి పట్టింది. కనిషాయ్ పుట్టిల్లు అక్కడే.

మర్నాడు పొద్దున్న ఊల్కాన్ అలవాటుగా మోకరించింది. "ప్రభువా," అంది. "ఈ ఇంట్లో కొందరికి..." అని ఆగిపోయింది. కొందరెక్కడున్నారు? ఇంట్లో తనూ, పొయ్యీ, గడియారం. మళ్ళీ మొదలుపెట్టింది. నోట్లో మాటే లేదు. గొర్రె ఈని పిల్ల గంతులేసేంత ప్రార్థన చేసే మనిషికి, వినడానికి కోడలు లేకపోతే చెప్పడానికి ఒక్క ముక్క మిగల్లేదు.

మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళుగా తన మాట ఒక్కటైనా ఆ కప్పు దాటి పైకి వెళ్ళిందా? అన్నీ పక్కనున్న పిల్ల దగ్గరే ఆగిపోయాయి. దేవుడితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో లెక్క తేల్లేదు. ఎవరెవరికో జ్ఞానం అడిగింది. పొరుగింటి కుక్కకి కూడా అడిగింది. తనకి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"నాకు," అంది. ఆ మాట ఆవిడకే కొత్తగా వినిపించింది. "నాకు తెలియడం లేదు ప్రభువా. ఏం చేయాలో నాకు చెప్పు."

పైనుంచి గొంతేమీ వినబడలేదు. ఒక పాత సంగతి మాత్రం మనసులోకి వచ్చింది. అప్పుడు తనకి ఇరవై మూడేళ్ళు. వేసవి మేతకి కొండమీద గుడారాల్లో ఉన్నారు. గుడారం వెనక, వానలో, తనకీ అలాగే ఒకటి పోయింది. అత్తగారు వచ్చి చూసి, "లే, గుర్రాల పాలు పితకాలి," అని వెళ్ళిపోయింది. ఆ రోజంతా తను ఎదురుచూసింది ఒక్కదానికే, ఎవరైనా "ఏమైందే నీకు?" అని అడుగుతారేమోనని. నలభై అయిదేళ్ళయింది. ఎవరూ అడగలేదు. అడిగించుకోని మనిషికి అడగడమూ చేతకాలేదు.

ఊల్కాన్ లేచి బూట్లు వేసుకుంది.

అలిగి వెళ్ళిన కోడల్ని తీసుకురావడానికి మొగుడు వెళ్తాడు, మరుదులు వెళ్తారు. అత్తగారు వెళ్ళడం ఎవరూ ఎరగరు. అయినా స్టాండుకి వెళ్ళి, తెల్లవారకముందే నారిన్ నుంచి తిరిగొచ్చి జనాన్ని ఎక్కించుకుంటున్న కొడుకు వ్యానులో వెనక సీట్లో కూర్చుంది. మెదెర్ అద్దంలో చూశాడు, ఏమీ అనలేదు.

"ఎక్కడికి అక్కా ఇంత పొద్దున్నే?" అని అడిగింది పక్కనున్న లావుపాటావిడ.

"కోడలి దగ్గరికి."

"బుద్ధి చెప్పడానికా, బతిమాలడానికా?" వ్యానంతా నవ్వింది.

"బతిమాలడానికే," అంది ఊల్కాన్.

ఆ తర్వాత దారిలో డోలోన్ కొండ కనుమ దాటేదాకా ఎవరూ నోరు మెదపలేదు. ఇంజను కూడా మర్యాదకి గొంతు తగ్గించి ఎక్కిందని మెదెర్ ఇప్పటికీ చెబుతాడు.

కనిషాయ్ తల్లి బురుల్ తలుపు తీసింది. కూర్చోమంది గాని మొహంలో నవ్వు లేదు. కనిషాయ్ వచ్చి టీ పోసింది. అంచుదాకా, పొంగిపోయేలా పోసింది. ఆ ప్రాంతంలో, ఇంకాసేపు ఉండాలని కోరుకునే అతిథికి సగం గిన్నే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నిండుగా పోశారంటే తాగి లేచి వెళ్ళమని. ఊల్కాన్ ఆ గిన్నెని చూసింది, ముట్టుకోలేదు.

"ఏం వదినగారూ, ప్రార్థన చేసుకుందామా?" అంది బురుల్. "మా పిల్లకి జ్ఞానం ఇంకా ఏమైనా తక్కువైందా?"

"వద్దు వదినా. ఆ పని బాగా చేశాను, ఇక చాలు." ఊల్కాన్ కోడలి వైపు తిరిగింది. కళ్ళు మూసుకోలేదు. "కనిషాయ్, ఆ రోజు ఎందుకే కూర్చున్నావు?"

కనిషాయ్ గోడ వైపు తిరిగింది.  

"నడుం లాగింది అత్తయ్యా. భయమేసింది. మూడో నెల వచ్చాక అందరికంటే ముందు మీకే చెబుదామనుకున్నాను. మీరు కోప్పడినా సరే, ఉయ్యాల దింపించి తుడుస్తారని..."

ఇక చెప్పలేకపోయింది. ఊల్కాన్ మోకాళ్ళ మీదే జరిగి దగ్గరికి వెళ్ళి, ఆ తల తన ఒళ్ళోకి లాక్కుంది. గుడారం వెనక వాన సంగతి చెప్పింది. మెదెర్‌కి తెలియదు, చనిపోయిన ముసలాయనకీ తెలియదు. ఆ మాటలు అంతకుముందు ఎవరూ వినలేదు. బురుల్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి, అక్కర్లేని కట్టెలు ఎగదోస్తూ నిలబడింది.

"తప్పు నాదే తల్లీ," అంది ఊల్కాన్. "వచ్చే ఆదివారం సంఘంలో అందరి ముందూ చెప్తాను. షర్షెన్ తాతకి కూడా వినబడేంత గట్టిగా చెప్తాను."

కనిషాయ్ ఏడుపులోనే నవ్వేసింది. "అంత గట్టిగా చెబితే ఊళ్ళో గొర్రెలన్నీ ఈనేస్తాయి."

"నాకు చెప్పడం వచ్చు, అడగడం రాదు. నేర్చుకుంటాను. మర్చిపోతే గుర్తు చెయ్యి. మొహం మీదే చెప్పు."

కనిషాయ్ కళ్ళు తుడుచుకుని లేచింది. చల్లారి పైన మీగడ కట్టిన ఆ నిండు గిన్నెని తీసుకెళ్ళి పారబోసింది. మళ్ళీ పోసింది. ఈసారి సగం. రెండు చేతులతో అందించింది.

ఊల్కాన్ ఒక గుక్క తాగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? "ఉప్పు తగ్గిందే," అంది.

"తగ్గించే వేశాను," అంది కనిషాయ్, అత్తగారి కళ్ళలోకి చూస్తూ. "మీ రక్తపోటు సంగతి నాకు తెలుసు. వేయమన్నా వేయను."

ఊల్కాన్ ఆ కాలవ నీళ్ళలాంటి టీని చివరి చుక్కదాకా తాగింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఖాళీ గిన్నె ముందుకు చాపింది.

"ఇంకొంచెం పొయ్యి."

గుమ్మంలో చేతిలో టోపీ నలుపుతూ నిలబడ్డ మెదెర్, నాలుగేళ్ళలో మొదటిసారి దగ్గు కలపకుండా "ఆమెన్" అన్నాడు.